పర్యావరణ పరిశోధన: ప్రశ్నను కుదించడం, కొలతను నిలబెట్టడం

మీ ప్రశ్న సారాంశం ఇది. పర్యావరణ శాస్త్రంలో పీజీ పూర్తి చేసి పీహెచ్‌డీలో చేరారు. ‘పట్టణీకరణ వల్ల సరస్సుల కాలుష్యం – సుస్థిర పరిష్కారాలు’ అనే శీర్షికతో మీరు రాసిన ప్రతిపాదనను, పరిధి మరీ విశాలంగా ఉందంటూ మీ గైడ్ రెండుసార్లు తిప్పి పంపారు. దాన్ని ఎలా కుదించాలి, క్షేత్రంలో పనిచేయడం మేలా లేక కంప్యూటర్ మోడల్ మేలా, సుస్థిరత అనే మాటను కొలవడానికి వీలుగా ఎలా మార్చుకోవాలి, ఇంత చేసినా అది ఎవరికైనా ఉపయోగపడుతుందా అని అడిగారు. నేను ఇరవై ఏళ్లకు పైగా నీటి నాణ్యత మీదనే పనిచేస్తున్నాను. మొదట విద్యార్థిగా, తర్వాత గైడ్‌గా, ఇతరుల థీసిస్‌లకు పరీక్షకుడిగా చూసిన విషయాలను బట్టి సమాధానం రాస్తున్నాను. మీ అంశం సరస్సులే కాబట్టి వీలైనంతవరకు వాటితోనే చెబుతాను.

మీ గైడ్ అభ్యంతరం సరైనదే. మీ శీర్షికలో అంశం ఉంది, ప్రశ్న లేదు. అంశం మీద ఎంత చదివినా, ఎన్ని నమూనాలు సేకరించినా పని ఎప్పుడు పూర్తయిందో తెలియదు, ఎందుకంటే ఏది తేలితే పూర్తయినట్టో మొదట్లోనే నిర్ణయించుకోలేదు. ప్రశ్న అంటే, కనీసం రెండు సమాధానాలు సాధ్యమై, ఆ రెంటిలో ఏది నిజమో చెప్పగలిగిన కొలత ఒకటి ఉండేది. ఉదాహరణకు, మీరు ఎంచుకున్న సరస్సులో ఏటా వేసవి చివర చేపలు గుంపులుగా చనిపోతున్నాయనుకుందాం. కాలుష్యం వల్ల చనిపోతున్నాయని రాస్తే అది తప్పు కాదు గానీ, దాంతో ఎవరూ ఏమీ చేయలేరు. నీటిలో కరిగిన ప్రాణవాయువు పడిపోవడం వల్ల చనిపోతున్నాయా, లేక అమ్మోనియా విషప్రభావం వల్లనా అని అడిగితే పరిశోధన మొదలవుతుంది. పోషకాలు అధికంగా ఉండి నాచు దట్టంగా పెరిగిన నీటిలో ప్రాణవాయువు మధ్యాహ్నం అత్యధికంగా, తెల్లవారుజామున అత్యల్పంగా ఉంటుంది. లీటరుకు 2 మిల్లీగ్రాముల కంటే తగ్గితే చాలా రకాల చేపలు తట్టుకోలేవు. అమ్మోనియా విషయం దీనికి తలకిందులు. పగటిపూట నాచు కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకోవడం వల్ల నీటి పీహెచ్, అంటే ఆమ్ల-క్షార స్థాయిని చూపే అంకె, పెరుగుతుంది. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర పీహెచ్ 7 ఉన్నప్పుడు మొత్తం అమ్మోనియాలో విషపూరిత రూపం ఒక శాతం లోపే ఉంటే, పీహెచ్ 9 కి చేరేసరికి అది మూడో వంతు దాటుతుంది. అంటే ఒక కారణం తెల్లవారుజామున చంపుతుంది, మరొకటి మధ్యాహ్నం చంపుతుంది. ప్రాణవాయువును, పీహెచ్‌ను, ఉష్ణోగ్రతను గంట గంటకూ, మొత్తం అమ్మోనియాను రోజుకు కొన్నిసార్లు కొలిచి, చేపలు ఏ వేళ తేలుతున్నాయో గమనిస్తే ఈ రెంటినీ విడదీయవచ్చు.

ఇలా కుదించాక ఇంకొక పరీక్ష పెట్టండి. మీ సమాధానం తెలిస్తే ఎవరి నిర్ణయం మారుతుంది? ఆ వ్యక్తిని, లేదా ఆ పదవిని, ప్రతిపాదనలో పేర్కొనగలగాలి. సరస్సులోకి వచ్చే మురుగును శుద్ధి చేసే ఇంజనీరు తన ప్లాంటులో ముందుగా దేన్ని తగ్గించాలో నిర్ణయించుకోవడానికి మీ ఫలితం అక్కరకొస్తుందంటే ప్రశ్న సరైన దారిలో ఉన్నట్టే. శాస్త్రం అంతా ఇలా తక్షణ ప్రయోజనం కోసమే ఉండాలని నేను అనను. కానీ పర్యావరణ సమస్య మీద పరిశోధన అని మనమే అంటున్నప్పుడు, ఆ సమస్యను రోజూ ఎదుర్కొనే మనిషి ఎవరో తెలియకుండా ప్రశ్నను కుదించలేం.

పోటీ పడే వివరణలను ఒక్కొక్కటిగా తొలగించడం ఎంత శక్తిమంతమైన పద్ధతో చూపడానికి రాబందుల ఉదంతాన్ని మించినది నాకు తెలియదు. దక్షిణాసియాలో 1990ల నుంచి కొన్ని జాతుల రాబందుల సంఖ్య 95 శాతానికి పైగా పడిపోయింది. అంటువ్యాధి కావచ్చని చాలామంది భావించారు. చనిపోయిన పక్షుల శరీరాలను పరిశీలించిన శాస్త్రవేత్తలకు వాటి అంతర్భాగాల మీద యూరిక్ ఆమ్లపు తెల్లటి పొర కనిపించింది, అంటే మూత్రపిండాలు విఫలమయ్యాయన్నమాట. వైరస్‌లు, భార లోహాలు, పురుగుమందుల కోసం వెతికితే ఏదీ సరిపోలలేదు. అప్పుడు ప్రశ్నను మార్చారు: రాబందులు తినేది పశువుల కళేబరాలను కాబట్టి, పశువులకు ఇస్తున్న మందుల్లో మూత్రపిండాలను దెబ్బతీసేది ఏది? పశువైద్యులను, మందుల దుకాణదారులను అడిగి జాబితా తయారు చేస్తే డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు బయటపడింది. 2004లో ఆ ఫలితం వెలువడింది, 2006లో భారత్, పాకిస్తాన్, నేపాల్ దేశాలు పశువైద్యంలో దాని వాడకాన్ని నిషేధించాయి. నిషేధం అంత త్వరగా రావడానికి ఒక కారణం, మెలాక్సికామ్ అనే మరో మందు రాబందులకు హాని చేయదని కూడా పరిశోధకులు పరీక్షించి చూపడం. పశువుల నొప్పికి వేరే మందు చూపకుండా ఉన్న మందును మాత్రమే తప్పుపట్టి ఉంటే రైతు, పశువైద్యుడు ఎందుకు వింటారు? మీ థీసిస్‌లో పరిష్కారాలు అనే మాట ఉంచదలిస్తే దాని అర్థం ఇదే. చివరి అధ్యాయంలో నాలుగు సూచనలు రాయడం కాదు, కనీసం ఒక ప్రత్యామ్నాయాన్ని కారణంతో సమానమైన శ్రద్ధతో పరీక్షించడం.

ప్రశ్న తేలాక, ఏ స్థాయిలో జవాబు వెతకాలన్నది తర్వాతి చిక్కు. సరస్సుల్లో నాచు విపరీతంగా పెరగడానికి ఏ పోషకం కారణమని 1960ల చివర్లో ఉత్తర అమెరికాలో తీవ్రమైన వాదం నడిచింది. సీసాల్లో చేసిన ప్రయోగాల ఆధారంగా కొందరు కర్బనమే కారణమని వాదించారు. కెనడాలోని ఆంటారియోలో డేవిడ్ షిండ్లర్ బృందం మొత్తం సరస్సులనే ప్రయోగశాలగా మార్చింది. 226వ నంబరు సరస్సు మధ్యలో సన్నగా ఉండే చోట 1973లో ప్లాస్టిక్ తెర కట్టి, ఒక సగంలో కర్బనం, నత్రజని కలిపారు, రెండో సగంలో ఆ రెంటితో పాటు భాస్వరం కూడా కలిపారు. భాస్వరం కలిపిన సగం మాత్రమే పచ్చగా మారింది. సీసా లోపలి నీటికి గాలి నుంచి కార్బన్ డయాక్సైడ్ తగినంత చేరదు, కాబట్టి అక్కడ కర్బనం కొరతగా కనిపిస్తుంది. సరస్సు ఉపరితలం ఆ లోటును గాలి నుంచి పూడ్చుకుంటుంది. సీసా ప్రయోగంలో కొలతలు తప్పు కావు, కానీ సీసా సరస్సు కాదు. మీకు మొత్తం సరస్సును ప్రయోగానికి ఇచ్చేవారు దొరకరు, నాకూ దొరకలేదు. సీసాలతో, తొట్టెలతోనే పనిచేయవలసి వస్తే పనిచేయండి. అయితే మీ ప్రయోగం ఏ స్థాయి వరకు మాట్లాడగలదో, ఎక్కడ ఆగిపోతుందో మీరే ముందుగా రాయండి, లేకపోతే పరీక్షకులు ఆ ప్రశ్నే మొదట అడుగుతారు.

స్థాయికి సంబంధించిన మరో పొరపాటును నేను పరిశీలించిన థీసిస్‌లలో చాలా తరచుగా చూశాను. నగరంలోని ఒక సరస్సు నుంచి ముప్పై నమూనాలు, ఊరికి దూరంగా ఉన్న మరో సరస్సు నుంచి ముప్పై నమూనాలు తీసి, గణాంక పరీక్ష చేసి, పట్టణీకరణ నీటిని ఇలా మారుస్తుందని తేల్చేస్తారు. అక్కడ పోల్చింది అరవై నమూనాలను కాదు, రెండు సరస్సులను మాత్రమే. వాటి లోతు, వయసు, అడుగు మట్టి వేరుగా ఉన్నందువల్ల కూడా ఆ తేడా రావచ్చు. జీవావరణ శాస్త్రవేత్త స్టూవర్ట్ హర్ల్‌బర్ట్ 1984లోనే దీన్ని నకిలీ పునరావృతం అని పేరు పెట్టి హెచ్చరించారు, అయినా ఇప్పటికీ జరుగుతూనే ఉంది. పట్టణీకరణ ప్రభావాన్ని చూడదలిస్తే తక్కువ నమూనాలతోనైనా ఎక్కువ సరస్సులు కావాలి. ఒకే సరస్సు మీద పనిచేయదలిస్తే ఆ సరస్సు గురించే ప్రశ్న వేయాలి. గణాంక నిపుణుడి దగ్గరికి నమూనాలు సేకరించాక వెళ్లడం వృథా, సేకరణకు ముందే వెళ్లండి.

ఇక కొలత గురించి. ఇక్కడ నేను కొంత ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఈ రంగంలో ఎక్కువ పరిశోధనలు కూలిపోయేది ఇక్కడే. నా పరిశోధన మొదటి ఏడాదిలో ఆరు నెలలపాటు నీటిలో భాస్వరాన్ని కొలిచాను. అంకెలు ఆశ్చర్యకరంగా ఎక్కువగా వచ్చాయి, నాకు సంతోషం కూడా కలిగింది. తర్వాత ఒక సీనియర్ సలహా మీద, సరస్సు నీటికి బదులు స్వేదనజలాన్ని అదే సీసాల్లో పోసి, అదే పెట్టెలో తిప్పి, అదే పద్ధతిలో విశ్లేషించాను. దానిలో కూడా దాదాపు అంతే భాస్వరం ఉంది. సీసాలు కడగడానికి వాడిన డిటర్జెంట్‌లో ఫాస్ఫేట్ ఉండేది. పలుచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడిగిన సీసాలతో మళ్లీ మొదలుపెట్టాను, ఆ ఆరు నెలల అంకెల్లో ఒక్కటి కూడా థీసిస్‌లోకి రాలేదు. ఆ రోజు నుంచి నా దగ్గర చేరిన ప్రతి విద్యార్థికీ మొదటి వారంలో ఇలాంటి స్వేదనజలపు నమూనాలతోనే, అంటే ఖాళీ నమూనాలతోనే పని చెబుతాను. అదొక బోధనగా కాకుండా, వాళ్ల ఆరు నెలలను కాపాడే పనిగానే నాకు అనిపిస్తుంది.

ఖాళీ నమూనా మీద పట్టుదల శాస్త్ర చరిత్రలో ఎంత దూరం వెళ్లిందో చెప్పడానికి అమెరికా భూరసాయన శాస్త్రవేత్త క్లెయిర్ ప్యాటర్సన్ చాలు. ఉల్కల్లోని సీసపు ఐసోటోపులను కొలిచి భూమి వయసు సుమారు 455 కోట్ల ఏళ్లని 1956లో ప్రకటించింది ఆయనే. ఆ కొలతకు సిద్ధమవుతున్నప్పుడు తన ప్రయోగశాల గాలిలో, పాత్రల్లో, రసాయనాల్లో ఎక్కడ చూసినా సీసం ఉండటాన్ని ఆయన గమనించారు. దాన్ని తుడిచి పక్కన పెట్టి ఊరుకోకుండా, ఇంత సీసం ఎక్కడి నుంచి వస్తోందని అడిగారు. సముద్రజలాల్లో, ధ్రువ ప్రాంతాల మంచులో కొలిచారు. పెట్రోలులో కలిపే సీసంతో పాటు పరిశ్రమలు వెదజల్లుతున్న సీసమే మనుషుల శరీరాల్లో పేరుకుంటోందని 1965లో వాదించారు. సీసం పరిశ్రమ నుంచి ఎదురైన ఒత్తిడిని తట్టుకుని నిలబడ్డారు. వాహనాలకు సీసం కలిపిన పెట్రోలును అమ్మే చివరి దేశం కూడా 2021లో ఆపేసింది.

మీ పనికి నేరుగా వర్తించే కొన్ని విషయాలు చెబుతాను. నమూనా తీసిన గంటను తప్పనిసరిగా నమోదు చేయండి. వీలు చూసుకుని ప్రతిసారీ ఉదయం పదకొండుకు వెళ్లి ప్రాణవాయువు బాగానే ఉందని రాసిన నివేదికలు ఎన్నో చూశాను. కరిగిన లోహాలను కొలవాలంటే 0.45 మైక్రోమీటర్ల వడపోతను వీలైనంతవరకు సరస్సు దగ్గరే చేసి, నైట్రిక్ ఆమ్లంతో పీహెచ్‌ను 2 కంటే తగ్గించి దాచండి, లేకపోతే లోహం సీసా గోడలకు అంటుకుపోతుంది. పరికరం గుర్తించగల పరిమితి కంటే తక్కువ వచ్చిన చోట సున్నా రాయకండి, ఆ పరిమితి కంటే తక్కువ అని రాయండి. తక్కువ ధర సెన్సర్లను నేను వ్యతిరేకించను, అవి ఎన్నో చోట్లకు కొలతను చేర్చాయి. కానీ గాలిలో తేమ పెరిగినప్పుడు సన్నని ధూళిని కొలిచే పీఎం 2.5 సెన్సర్లు రేణువులు ఉబ్బడం వల్ల ఎక్కువగా చూపినట్టే, నీటిలో వదిలేసిన సెన్సర్లు నాచు పేరుకుని తప్పుదారి పడతాయి. శుభ్రం చేసిన తేదీ, తెలిసిన ప్రమాణంతో సరిచూసిన (క్రమాంకనం చేసిన) తేదీ లేని డేటాను నేను అంగీకరించను.

సుస్థిరత గురించి అడిగారు. 1987లో ఐక్యరాజ్యసమితి నియమించిన బ్రంట్‌లాండ్ కమిషన్ ఇచ్చిన నిర్వచనం, అంటే భావి తరాలు తమ అవసరాలు తీర్చుకునే సామర్థ్యాన్ని దెబ్బతీయకుండా నేటి అవసరాలు తీర్చుకోవడం, ఒక దిశను చూపుతుంది తప్ప ఒక కొలతను ఇవ్వదు. దాన్ని పీఠికలో ఉటంకించి, చివరిదాకా మళ్లీ ప్రస్తావించని థీసిస్‌లు కోకొల్లలు. కొలతగా మార్చాలంటే, ఏ ప్రయోజనానికి, ఏ హద్దుల లోపల, ఎంత కాలానికి అన్న మూడు విషయాలు ముందుగా తేల్చుకోవాలి. ఐఎస్‌ఓ 14040, 14044 అంతర్జాతీయ ప్రమాణాల్లో చెప్పిన జీవితచక్ర మదింపు, అంటే ఒక వస్తువు లేదా పద్ధతి మొదటి నుంచి చివరిదాకా పర్యావరణంపై వేసే భారాన్ని లెక్కించడం, ఇందుకు మంచి క్రమశిక్షణ నేర్పుతుంది. మురుగులో భాస్వరాన్ని తొలగించడానికి యంత్రాలతో గాలి ఊదే ప్లాంటు మేలా, రెల్లు నాటిన చిత్తడి మడి మేలా అని పోల్చాలనుకోండి. తొలగించిన ఒక కిలో భాస్వరానికి ఎంత అన్న ప్రమాణం పెట్టుకోవాలి. ప్లాంటుకు విద్యుత్తు ఎక్కువ కావాలి, మడికి భూమి ఎక్కువ కావాలి, పైగా ఆ తడి మట్టి నుంచి మీథేన్ వెలువడుతుంది. ఒక టన్ను మీథేన్ వందేళ్ల లెక్కలో సుమారు 28 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం, ఇరవై ఏళ్ల లెక్కలో సుమారు 80 టన్నులకు సమానం. కాలాన్ని మార్చగానే విజేత మారిపోవచ్చు. అలా మారితే దాచకండి, రెండు లెక్కలూ పక్కపక్కన చూపండి. ఈ శ్రమ చేయడం మీకు వీలుకాదనుకుంటే శీర్షికలోంచి సుస్థిర అనే విశేషణాన్ని తీసేయడం నిజాయితీ గల పని.

ఒక హానిని తొలగించే పనిలో మరో హానిని తెచ్చుకోకుండా చూసుకోవడం కూడా సుస్థిరతలో భాగమే. బంగ్లాదేశ్‌లో చెరువుల, కుంటల నీటితో వచ్చే అతిసారాన్ని తగ్గించడానికి 1970ల నుంచి లక్షల సంఖ్యలో గొట్టపు బావులు తవ్వారు. సూక్ష్మజీవుల ముప్పు తగ్గింది, కానీ ఆ భూగర్భ జలంలో సహజంగా ఉన్న ఆర్సెనిక్ గురించి 1990ల్లో గానీ గుర్తించలేదు. ఆ తవ్వకాలు చేపట్టినవారు సదుద్దేశంతోనే చేశారు. ఆ నీటిలో ఆర్సెనిక్ ఉందేమో చూడాలన్న ఆలోచన మాత్రం అప్పట్లో పరీక్షల జాబితాలో లేదు. మీరు ఏ పరిష్కారాన్ని సూచించినా, దానివల్ల భారం ఎక్కడికి మళ్లుతుందో ఒక పేజీ రాయండి. సరస్సుల విషయంలో ఇంకొకటి ఉంది. బయటి నుంచి మురుగు ఆగిపోయాక కూడా అడుగు బురదలో పేరుకున్న భాస్వరం ఏళ్ల తరబడి నీటిలోకి విడుదలవుతూ ఉంటుంది. దాన్ని లెక్కలోకి తీసుకోకపోతే మీ పరిష్కారం విఫలమైందని జనం త్వరపడి తీర్పు చెప్పేస్తారు.

క్షేత్రమా, మోడలా అన్నదానికి నా జవాబు చిన్నది. కొలతలు లేని మోడల్‌ను నమ్మకండి, మోడల్ లేకుండా కొలతలను భవిష్యత్తుకు పొడిగించకండి. మోడల్‌ను సరిదిద్దడానికి వాడిన డేటాతోనే దాన్ని పరీక్షించకూడదు, కొంత డేటాను ముందే పక్కన పెట్టాలి. 1972 నుంచి ఉన్న ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలు 2008 నుంచి ఉచితంగా దొరుకుతున్నాయి, సెంటినెల్-2 చిత్రాలు పది మీటర్ల స్పష్టతతో వస్తున్నాయి. మీ సరస్సు విస్తీర్ణం దశాబ్దాలుగా ఎలా మారిందో కదలకుండా చూడవచ్చు. కానీ పచ్చదనాన్ని నాచు పరిమాణంగా మార్చాలంటే, ఉపగ్రహం పైనుంచి వెళ్లిన రోజునే పడవలో వెళ్లి నీరు తీసుకురావాలి.

సరస్సు చుట్టూ ఉన్న మనుషులను చివరి అధ్యాయానికి వదిలేయకండి. ఉమ్మడి వనరును ప్రతి ఒక్కరూ తమ లాభం కోసం పాడుచేస్తారని 1968లో గారెట్ హార్డిన్ వాదిస్తే, ఎన్నో సమాజాలు తమ నియమాలతో తామే అడవులను, చేపల వేటను, కాలువలను తరాలపాటు కాపాడుకున్న తీరును ఎలినార్ ఆస్ట్రమ్ క్షేత్రస్థాయి ఆధారాలతో చూపారు, ఆ కృషికి 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ పురస్కారం అందుకున్నారు. చేపలు ఏ వేళ తేలాయో మీ సెన్సర్ కంటే ముందు జాలరికి తెలుసు. వారిని అడిగేటప్పుడు ఎందుకు అడుగుతున్నారో చెప్పి సమ్మతి తీసుకోండి, పేర్లు బయటపెట్టకండి, ఫలితాలు రాగానే వారి భాషలో, వారి దగ్గరికే వెళ్లి చెప్పండి. సమాచారం తీసుకుని మళ్లీ ముఖం చూపని పరిశోధకుల వల్ల, తర్వాత వెళ్లేవారికి తలుపులు మూసుకుపోవడం నేను స్వయంగా చూశాను.

ఇదంతా ఎవరికైనా ఉపయోగపడుతుందా అన్న మీ ఆందోళనను నేను తేలిగ్గా తీసుకోవడం లేదు, నాలుగైదేళ్ల జీవితం అది. ఫ్రిజ్‌లలో, స్ప్రేలలో వాడిన క్లోరోఫ్లోరోకార్బన్లు ఓజోన్ పొరను దెబ్బతీయగలవని రసాయన శాస్త్రవేత్తలు మాలినా, రోలండ్ 1974లో చెప్పినప్పుడు అది రసాయన లెక్క. అంటార్కిటికాలోని హేలీ కేంద్రంలో 1950ల నుంచి ఏటా అదే తరహా పరికరంతో ఓపికగా కొలుస్తూ వచ్చిన బృందం, అక్కడి వసంతకాలంలో ఓజోన్ దారుణంగా పడిపోతోందని 1985లో ప్రకటించింది. ఉపగ్రహం కూడా ఆ తక్కువ విలువలను చూసింది గానీ, అవి నమ్మశక్యంగా లేవని దాని ప్రోగ్రాము అనుమానితాల కింద పక్కన పెట్టింది. రెండేళ్లకు కాస్త ఎక్కువ కాలంలోనే, 1987లో ఆ రసాయనాలను క్రమంగా ఆపడానికి మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. హేలీలో కొలిచినవారికి తమ పని అక్కడికి దారితీస్తుందని మొదటి ఏళ్లలో తెలియదు. మీ ఫలితం మీ ఊహకు వ్యతిరేకంగా వచ్చినా, ఏ తేడా కనిపించకపోయినా దాన్ని అలాగే ప్రచురించండి, ముడి డేటాను, అది సేకరించిన పద్ధతిని ఎవరైనా తీసుకోగలిగే చోట భద్రపరచండి. పదేళ్ల తర్వాత ఆ సరస్సు మీద పనిచేసే మరొకరికి మీ అంకెలే తొలి ఆధారం కావచ్చు.

గైడ్‌ను మళ్లీ కలవడానికి ముందు, వీలైతే ఈ నెలలోనే, తోడుగా ఒకరిని తీసుకుని, సరైన రక్షణ ఏర్పాట్లతో సరస్సు దగ్గర పూర్తిగా ఒక రోజు గడపండి. ఒక మధ్యాహ్నం మొదలుపెట్టి మరుసటి మధ్యాహ్నం దాకా గంటకొకసారి ప్రాణవాయువు, పీహెచ్, ఉష్ణోగ్రతలను ఉపరితలంలోనూ అడుగునా కొలవండి, రెండు ఖాళీ నమూనాలు కూడా తీసుకెళ్లండి. ఆ ఇరవై నాలుగు గంటల గ్రాఫును, దాన్ని చూశాక మీకు తట్టిన ఒక్క ప్రశ్నను, దానికి సాధ్యమైన రెండు సమాధానాలను, వాటిని విడదీసే కొలతను ఒకే పేజీలో రాసి తీసుకెళ్లండి. శీర్షికను ఆ తర్వాత ఇద్దరూ కలిసి పెట్టుకోవచ్చు.